పాత బేకరీకి దక్షిణంగా

మా ఊళ్ళో ఇళ్ళకు నంబర్లుండవు.
ఎరేదియాలో ఇరవై రెండేళ్ళుగా
ఉత్తరాలు పంచుతున్నాను, నాకు తెలియదా?
"పాత బేకరీ నుంచి డెబ్బై ఐదు మీటర్లు దక్షిణానికి,
ఆకుపచ్చ గేటు, కుక్క కరవదు."
కవరు మీద అంతే ఉంటుంది.
బేకరీ కాలిపోయి పదకొండేళ్ళు.
గేటుకు నీలం రంగేశారు.
కుక్క సంగతి నా పిక్కనడగండి.

ఆదివారం. మధ్యాహ్నం రెండింటికల్లా వాన.
కొత్త రౌటరు ముందు కూర్చున్నాను
కాఫీ చల్లారబెట్టుకుంటూ.
దీనికి మాత్రం ప్రతిదానికీ నంబరు కావాలి.
నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి:
ఈ మూడూ కలిపి వీధి. చివరి అంకె గుమ్మం.
రెండువందల యాభై నాలుగు గుమ్మాలు
మూడు గదుల ఇంటికి!
ఇంత ఖాళీ వీధి
నా ఉద్యోగంలో ఎన్నడూ నడవలేదు.

తమ్ముడు ఒవీదియో అంటాడు,
"అన్నీ రౌటరుకే వదిలెయ్, యోర్లేనీ.
వచ్చినదానికి వచ్చిన నంబరు, ఒక్కరోజు లీజు,
తెల్లారి మళ్ళీ అవే అడుక్కుంటాయి."
సత్రంలో చాపలు పంచినట్టు.
వాడి ఫోనుకు అది చాలు, వాడికీ చాలు,
నాలుగేళ్ళలో ఆరు అద్దెగదులు మారాడు.
కానీ ప్రింటరో?
నిన్న నూట పదిహేడు, ఇవాళ నూట నలభై ఒకటి.
నోట కాగితం కరుచుకుని కూర్చుంటుంది,
పిలిచే పిలుపంతా పాత గుమ్మానికి పోతుంది.
చెప్పకుండా ఇల్లు మారినవాళ్ళ ఉత్తరాలు
సంచిలో ఎంత బరువో
మోసే భుజానికి తెలుసు.

పది నుంచి ఇరవై దాకా కదలనివాటికి.
ప్రింటరుకు పది. గుమ్మం కెమెరాకు పదకొండు.
వెనక గదిలో అద్దెకుండే దోన్ అబెలీనో రేడియోకు పన్నెండు,
అది ఆగిందంటే ఆయన లుంగచుట్టుకున్న దుప్పటితోనే
వంటింట్లోకి వచ్చేస్తాడు.
వంద దాటాక వచ్చిపోయేవాళ్ళకు.
మధ్యలో ఏమీ లేదు. ఎందుకని అడక్కండి,
ఏ ఊరికైనా కాస్త బీడుండాలి.

పేర్ల దగ్గర పేచీ వచ్చింది.
అగ్నిపర్వతాల పేర్లు పెడదామన్నాడు ఒవీదియో:
గరగరమని కక్కే ప్రింటరు తురియాల్బా,
మసక తప్ప ఏమీ చూపించని కెమెరా పోయాస్.
నవ్వాం, చాలాసేపే.
కానీ అర్ధరాత్రి ఏదో ఆగిపోయినప్పుడు
కొండ పేరు గుర్తొచ్చి ఏం లాభం?
అదెక్కడుందో గుర్తు రావాలి.
మా ఊరి పద్ధతిలోనే రాశాను:
ఫ్రిజ్-పక్కన. గుమ్మం-మీద. వాన-కారే-మూల.
మాటకూ మాటకూ మధ్య జాగా ఒప్పుకోదట,
అడ్డగీతలతో కుట్టేశాను.

జాబితా అడుగున ఒకటి మిగిలింది.
నూట ఏడు. పేరు లేదు.
ఒక్కో ప్లగ్గే పీకుతూ వచ్చాను.
ఇల్లంతా మూగబోయింది,
నూట ఏడు మాత్రం తెర మీద పచ్చచుక్క.
దొంగ, అన్నాడు ఒవీదియో. పాస్‌వర్డ్ మార్చెయ్యి.

ఫోను పట్టుకుని వసారాలోకి వచ్చాను.
గోడవతల దోన్యా ఎర్మీనియా ఇంట్లో
ఎవరో అరటికాయలు వేయిస్తున్నారు, టీవీలో.
నూట ఏడును నొక్కి ఆపాను.
వేపుడు చప్పుడు ఆగి
వాన ఒక్కటే మిగిలింది.
"అయ్యో, ఇప్పుడేనా!" ఆవిడ గొంతు.
గబుక్కున మళ్ళీ నొక్కాను.

మూడేళ్ళ కిందట, ఆవిడ మోకాలి ఆపరేషనప్పుడు,
పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చింది నేనే.
నా అక్షరాలే. ఊరందరి ఇళ్ళూ గుర్తుంచుకుని
దీన్ని మరిచాను.

నూట ఏడు తీసేసి పదమూడు ఇచ్చాను, ఎప్పటికీ.
పేరు: గోడకవతల-ఒక్క-మీటరు.

"రేపు ఆ గోడ పడిపోతే?"
అన్నాడు ఒవీదియో, ప్లగ్గులు వెతుక్కుంటూ.

బేకరీ కాలిపోలేదూ, అన్నాను.